పెద్దవాళ్లకు మన మాట అందకపోవడానికి కారణం వేగమేనా?

ప్రశ్న: గోస్తనీ

మాట్లాడే వేగం గురించి కొంతకాలంగా నన్ను వేధిస్తున్న సందేహాన్ని ఇక్కడి సభ్యుల ముందు పెడుతున్నాను. మా నాన్నగారికి 76 ఏళ్లు. అమ్మతో కలిసి తణుకులో ఉంటారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, మా అబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. మేమిద్దరం వెనక ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతామనీ, మా మాటల్లో సగం తనకు అందవనీ నాన్నగారి ఫిర్యాదు. మావాడి ఫిర్యాదు సరిగ్గా దీనికి ఎదురు. తాతయ్య ఒక్క సంగతి చెప్పడానికి ఊరంతా తిప్పుకొస్తారని వాడి విసుగు. ఆయన పంపే వాయిస్ మెసేజులను వాడు రెట్టింపు వేగంతో పెట్టుకుని వింటాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన ముందే ఆ పని చేశాడు. తన గొంతు అలా పరుగులు పెట్టడం విని నాన్నగారు పైకి ఏమీ అనలేదు గాని, ఆ తరువాత వాయిస్ మెసేజులు పంపడమే మానేశారు.

వేగం వల్ల ఇబ్బంది ఏ స్థాయికి వచ్చిందో తెలియడానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. "నాన్నగారూ, కరెంటు బిల్లు కట్టేశారా?" అని ఫోనులో అడిగాను. "సరేనమ్మా, మంచిది" అన్నారు. ఆయన కట్టారని నేను, నేను కట్టానని ఆయన నిశ్చింతగా ఉండిపోయాం. గడువు దాటి, లైన్‌మ్యాన్ ఫ్యూజు తీయడానికి గుమ్మంలోకి వచ్చినప్పుడు గాని విషయం బయటపడలేదు. ఆయన చెవికి చేరింది "కట్టేశా" అన్నంతవరకేనట. నేను గట్టిగానే అడిగాను, అటువైపు టీవీ మోత కూడా లేదు.

నేను తెలుసుకోదలచింది రెండు విషయాలు. మా తరం నిజంగానే ముందు తరం కన్నా వేగంగా మాట్లాడుతోందా, లేక ప్రతి తరమూ తన తరువాతివాళ్లను ఇలాగే అంటూ వస్తోందా? దీన్ని ఎవరైనా కొలిచి చూశారా? ఇక రెండోది, ఇంట్లో ఏం చేయాలన్నది. నెమ్మదిగా మాట్లాడమని అందరూ చెబుతారు. నేను అక్షరం అక్షరం విడదీసి మాట్లాడితే "నన్ను చంటిపిల్లాణ్ణి చేశావేమిటే" అని ఆయన చిన్నబుచ్చుకుంటున్నారు. కనక ఆ ఒక్క సలహా కాక మరేదైనా తెలిసినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: తాళపత్రం

గోస్తనీ గారూ, ముందుగా కొలత గురించి చెబుతాను. ఇంగ్లీషువాళ్లు మాట వేగాన్ని నిమిషానికి ఇన్ని మాటలు అని లెక్కపెడతారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు. "చెప్పలేకపోతున్నాను" అన్నది మనకు ఒకే మాట, అందులో పలికే అక్షరాలు ఎనిమిది. అదే సంగతిని ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగైదు మాటలు కావాలి. అందువల్ల భాషల మధ్య పోలిక తేవలసి వచ్చినప్పుడు సెకనుకు ఎన్ని అక్షరాలు పలికారన్నదే చూస్తారు. ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన పరిశోధకులు మరికొందరితో కలిసి 17 భాషలను ఇలా కొలిచి 2019లో ఫలితాలు ప్రచురించారు. సెకనుకు జపనీయులు పలికిన అక్షరాలు బాగా ఎక్కువ, థాయి భాషవాళ్లు పలికినవి బాగా తక్కువ. అయితే ఒక్కో అక్షరం ఎంత సమాచారాన్ని మోస్తున్నదో కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ భాషలన్నీ సెకనుకు సుమారు 39 బిట్ల (బిట్ అంటే సమాచారాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరికే వచ్చి చేరాయి. అంటే గబగబా పలికే భాషలో అక్షరానికి బరువు తక్కువ, తాపీగా పలికే భాషలో ఎక్కువ. ఆ పదిహేడింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు గనక తెలుగు ఆ వరుసలో ఎక్కడ నిలుస్తుందో దాన్నిబట్టి చెప్పలేం.

తరాల సంగతికి వస్తే, నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో డచ్చి భాష మాట్లాడే 160 మంది ఉపాధ్యాయుల ఇంటర్వ్యూలను కొలిచి 2004లో వెలువరించిన పరిశోధన ఒకటుంది. అందులో పెద్దవయసువాళ్ల కన్నా చిన్నవయసువాళ్లు, బెల్జియంవాళ్ల కన్నా నెదర్లాండ్స్‌వాళ్లు వేగంగా మాట్లాడినట్టు తేలింది. (భాష ఒకటే అయినా సరిహద్దు దాటితే వేగం మారుతుందన్నమాట. గోదావరి జిల్లాలవాళ్లు సాగదీస్తారని మనం అనుకున్నట్టే అక్కడా అనుకుంటూ ఉంటారు కాబోలు.) అవే ఇంటర్వ్యూలను హ్యూగో కెనె అనే భాషాశాస్త్రజ్ఞుడు 2008లో మళ్లీ తిరగదోడి ఒక మెలిక చూపించాడు. మనిషి ఒక విడతలో, అంటే మధ్యలో ఆగకుండా, ఎన్ని అక్షరాలు పలకబోతున్నాడన్నదాన్ని బట్టే ప్రధానంగా వేగం మారుతుంది. విడత పొడవు పెరిగేకొద్దీ నాలుక ముందే జాగ్రత్తపడి ఒక్కో అక్షరాన్నీ కురచ చేస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ విడతలు చిన్నవవుతాయి. కాబట్టి పెద్దవాళ్ల నెమ్మదిలో కొంత భాగం నాలుక నెమ్మదించడం వల్ల వచ్చింది కాదు, మాటను చిన్న విడతలుగా తెంపుకోవడం వల్ల వచ్చింది.

అయితే ఇలాంటి కొలతలతో మీ మొదటి ప్రశ్న తెగదు. ఒకే కాలంలో ఇరవై ఏళ్లవాణ్ణీ డెబ్భై ఏళ్లవాణ్ణీ పక్కపక్కన పెట్టి కొలిస్తే, కనబడిన తేడా వయసు తెచ్చిందో కాలం తెచ్చిందో విడదీయలేం. నేటి ఇరవై ఏళ్లవాడు తన డెబ్భయ్యో ఏట తానూ నెమ్మదించవచ్చు. అది తేలాలంటే అదే మనిషిని ఏభై ఏళ్ల ఎడంతో రెండుసార్లు వినాలి.

నన్ను ఇంతకన్నా ఆలోచనలో పడేసింది మీ కరెంటు బిల్లు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఆ క్రియలోనూ కీలకమంతా తోకలో ఉంటుంది. పని చేసింది నేనా మీరా, జరిగిందని చెబుతున్నానా జరిగిందా అని అడుగుతున్నానా, స్వయంగా చూసి చెబుతున్నానా ఎవరో అనగా విన్నానా, ఇవన్నీ ఆఖరి ఒకటి రెండు అక్షరాల్లోనే తేలాలి. కట్టేశా, కట్టేశాడు, కట్టేశారు, కట్టేశారా, కట్టేశారట: ఈ అయిదింటికీ మొదటి మూడక్షరాలు ఒకటే. వాక్యం ముగింపుకు వచ్చేసరికి ఊపిరి తగ్గి గొంతు బలం తగ్గుతుంది. పైగా మీరు అడిగిన "కట్టేశారా"లో రెండు "ఆ"కారాల మధ్య ఒక చిన్న రేఫ, అంటే "ర" ధ్వని, మాత్రమే ఉంది. గబగబా అన్నప్పుడు అది దాదాపు కరిగిపోయి, కాస్త సాగిన "కట్టేశా" మాత్రమే మిగులుతుంది. మీరు వాక్యం మొదలుపెట్టినంత గట్టిగా ముగించి ఉండరు, మనలో ఎవరమూ ముగించం.

వేగం పెరిగినప్పుడు మనం అక్షరాలన్నింటినీ సమానంగా కుదించం అన్నది గమనించవలసిన విషయం. దీర్ఘాలను అలాగే ఉంచి మధ్యలోని హ్రస్వాలను మింగేస్తాం. "తీసుకొని రా" కాస్తా "తీస్కరా" అవుతుంది, "పెట్టుకున్నాడు" కాస్తా "పెట్కున్నాడు" అవుతుంది. మన మర్యాద కూడా వాక్యం తోకలోనే ఉంటుంది. ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదని పెద్దవాళ్లు అనుకునే సందర్భాల్లో కొన్నింటికైనా, పలికిన "అండి" వాళ్ల చెవిదాకా చేరకపోవడమే కారణమని నా అనుమానం.

జవాబు: ట్రంకు బుకింగ్

నాకు 79 ఏళ్లు. టెలిఫోను ఎక్స్‌చేంజిలో ట్రంకు కాల్స్, అంటే వేరే ఊళ్లకు చేసే ఫోన్లు, కలిపే పనిలో చేరి అదే శాఖలో విరమణ పొందినవాణ్ణి. మా కాలంలో అందరూ తాపీగా మాట్లాడుకునేవారన్న అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. ట్రంకు కాల్ మూడు నిమిషాల లెక్కన నడిచేది. మూడు నిమిషాలు కాగానే మేమే మధ్యలోకి వచ్చి పొడిగించమంటారా అని అడిగేవాళ్లం. ఆ మూడు నిమిషాల్లోనే పెళ్లివారి రాక, పొలం కౌలు, ముసలమ్మ మందులు, మేనల్లుడి సీటు, అన్నీ తెమిలిపోవాలి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, జవాబు కోసం ఆగవలసిన చోట కూడా ఆగకుండా, "ఉంటాను మరి" అని పెట్టేసినవాళ్లను వేలమందిని విన్నాను. తరువాత వేరే ఊళ్లకు నేరుగా ఫోను చేసుకునే ఎస్టీడీ బూత్‌లు వచ్చినప్పుడు అద్దాల గదిలో బిల్లు చూపే ఎర్ర అంకెలు కదులుతుంటే వాటివైపు చూస్తూ మాట్లాడినవాళ్ల వేగం ముందు నేటి పిల్లల వేగం ఏపాటిది? మా తరంవాళ్లు ఇప్పటికీ ఫోనులో అరుస్తారని, రెండు ముక్కల్లో పెట్టేస్తారని మీరు నవ్వుకుంటారు. ఆ అలవాటు మాకు అబ్బింది అక్కడే.

మేం నెమ్మదైన మాట విన్నది రేడియోలో. ఆకాశవాణి వార్తలు ఒక వాక్యం పూర్తిగా ముగిశాకే రెండో వాక్యంలోకి వెళ్లేవి. చిన్న పత్రికలవారు రాసుకోవడానికి వీలుగా హిందీ, ఇంగ్లీషు భాషల్లో మందగతి వార్తలని ప్రత్యేకంగా ఉండేవి కూడా. 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలయ్యాక శాంతిస్వరూప్ గారు చదివిన తీరూ అదే. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో కూడా ఆయన ఏ క్రియనూ మింగింది నేను వినలేదు. ఇప్పటి వార్తా చానెళ్లలో నలుగురు నాలుగు కిటికీల్లో కూర్చుని ఒకేసారి మాట్లాడతారు. దాన్ని వార్త అంటున్నారు, నేనేం చేయను.

గోస్తనీ గారూ, మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు గాని నా వరకు నా బాధ వేగం కాదు. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవడానికో, ఒక పేరు గుర్తు తెచ్చుకోవడానికో ఆగితే, నా మాట అయిపోయిందనుకుని ఎదుటివాళ్లు అందుకుంటారు. అప్పటికి క్రియ ఇంకా నా నోట్లోనే ఉంటుంది. నేను ఔనన్నానో కాదన్నానో వాళ్లకు తెలియకుండానే దానికి జవాబు కూడా చెప్పేస్తారు. తాళపత్రం గారు చెప్పిన తోక సంగతి రెండువైపులా వర్తిస్తుందని మనవి. మీరు మీ తోక మింగేస్తారు, మా తోక కోసేస్తారు.

ఇంకొకటి, ఫోనులో ఊఁ కొట్టడం. మా నాయనమ్మ కథ చెబుతూ మేం ఊఁ కొట్టకపోతే అక్కడికక్కడ ఆపేసేది. ఇప్పుడు మా మనవడితో మాట్లాడుతుంటే అవతల చీమ చిటుక్కుమనదు. లైను తెగిందో, వాడు వింటున్నాడో, వేరే పనిలో పడ్డాడో తెలియక "వింటున్నావురా?" అంటాను. అది వాడికి దెప్పినట్టు వినబడుతుంది.

మెసేజులు మానేసిన మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. వాళ్లు రెట్టింపు వేగంతో వింటే మనం రెట్టింపు నిడివితో పంపాలని నా పక్షాన విన్నవించండి.

జవాబు: రెండింతలు

గోస్తనీ గారూ, నాకు 19 ఏళ్లు. మీ అబ్బాయి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. వాయిస్ మెసేజులను ఒకటిన్నర, రెండు రెట్ల వేగంతో వినే సదుపాయం వాట్సాప్‌లో 2021 నుంచి ఉంది. మేం ఎంట్రెన్స్ పాఠాల వీడియోలను కూడా అలాగే విన్నాం. మాకు అది ఎవరినీ తక్కువ చేయడం కాదు, అలవాటు. నా స్నేహితుల మెసేజులనూ, మా లెక్చరర్ పాఠాన్నీ, మా అమ్మ తిట్లనూ నేను ఒకే వేగంతో వింటాను. అయితే మెసేజు పంపిన మనిషి ఎదురుగా ఉండగా అలా వినడం మాత్రం సమర్థించలేను.

మాట మధ్యలో అందుకోవడం గురించి కూడా ఒక మాట. మేం నలుగురం కలిస్తే ఒకరి వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేస్తాం, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడతాం, ఎవరూ నొచ్చుకోరు. మాకు అది శ్రద్ధగా వింటున్నామనడానికి గుర్తు. డెబొరా టానెన్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1978లో ఒక పండుగ విందులో తనతో సహా ఆరుగురి సంభాషణను రికార్డు చేసి, 1984లో దాని మీద పుస్తకమే వేశారు. న్యూయార్కులో పెరిగిన ముగ్గురు ఉత్సాహం కొద్దీ ఒకరి మాటల మీద ఒకరు మాట్లాడుతూ ఉంటే, కాలిఫోర్నియా, ఇంగ్లండు నుంచి వచ్చిన మిగతా ముగ్గురికి తమను మాట్లాడనివ్వడం లేదనిపించింది. రెండు పక్షాల్లో ఎవరూ మర్యాద తప్పలేదు, సంభాషణ ఎలా సాగాలన్నదాని మీద వాళ్ల అంచనాలు వేరు. మా ఇంట్లో తాతయ్యకూ నాకూ మధ్య జరిగేది ఇదేననుకుంటాను.

జవాబు: ట్రంకు బుకింగ్

బాబూ, నీ వకాల్తా బాగుంది. మాట అందించినవాడు మళ్లీ నాకు అప్పజెబుతాడు గదా, మీవాళ్లు పట్టుకుపోతారు. తేడా అక్కడుంది.

జవాబు: డాలస్ నుంచి

మేం పదిహేనేళ్లకు పైగా అమెరికాలో ఉంటున్నాం, మా అమ్మ గుంటూరులో ఉంటుంది. ఇక్కడ మరో సంగతి కూడా కలుస్తుంది గనక రాస్తున్నాను.

ఒకరి మాట ముగిసిన తరువాత రెండోవారు మొదలుపెట్టడానికి ఎంత సేపు పడుతుందన్నదాన్ని పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించారు. అన్నింటిలోనూ సాధారణమైన ఎడం ఒక సెకనులో అయిదో వంతుకు, అంటే 200 మిల్లీసెకన్లకు అటూ ఇటూగా ఉంది. జపనీయుల్లో అది దాదాపు లేనే లేదు, డేనిష్ భాషవాళ్లలో అర సెకనుకు దగ్గరగా ఉంది. ఇంత చిన్న ఎడంలో జవాబు తయారు కాదు. కాబట్టి ఎదుటివాళ్లు ఎక్కడ ముగిస్తారో వినేవాళ్లు ముందే అంచనా వేసుకుని సిద్ధంగా ఉంటారన్నమాట. ఇక ఇంటర్నెట్ కాల్ సంగతి చూడండి. మాట ఒక దిక్కు చేరడానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం. అది పాటించినా సరే, రానూ పోనూ కలిపితే 300 అవుతుంది. మామూలు ఎడం కన్నా ఇదే ఎక్కువ. అమ్మ జవాబు ఆలస్యమైందని మా పిల్లలు మళ్లీ మొదలుపెడతారు, సరిగ్గా అదే క్షణంలో ఆమె జవాబు వచ్చి చేరుతుంది, ఇద్దరూ ఆగిపోతారు, "నువ్వు చెప్పు" అంటే "నువ్వు చెప్పు" అనుకుంటారు. ఈ తోపులాటలో ఎప్పుడూ వెనక్కి తగ్గేది అమ్మే. పిల్లలకు మాత్రం నానమ్మ ఏది అడిగినా తడుముకుంటుందన్న అభిప్రాయం పడిపోయింది. అందులో సగం తప్పు వైరుది.

దీనికి అమ్మే ఒక ఉపాయం కనిపెట్టింది. తను చెప్పదలచుకున్నది అయిపోగానే "అదీ సంగతి" అంటుంది. ఆ రెండు మాటలు వినబడేదాకా పిల్లలు నోరు తెరవకూడదు. ఇప్పుడు మా చిన్నమ్మాయి కూడా బడి కబుర్లు చెప్పి, ఇంగ్లీషు యాసతో "అదీ సంగటి" అని ముగిస్తోంది.

ఇంకో విషయం. మా ఇంట్లో నెమ్మదిగా మాట్లాడితే గాని అర్థం కానిది పెద్దవాళ్లకు కాదు, పిల్లలకు. నేనూ మావారూ గబగబా మింగేసి మాట్లాడే తెలుగును వాళ్లు పట్టుకోలేరు. వాక్యం చివరిదాకా పలికే అమ్మ తెలుగే వాళ్లకు బాగా తెలుస్తుంది.

జవాబు: శ్రవణం

వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను గనక చెవి వైపు నుంచి చెబుతాను. గోస్తనీ గారూ, మీ నాన్నగారిని చూడకుండా ఆయనకు ఫలానా లోపం ఉందని అనలేను. కాని మీరు రాసిన లక్షణాలు మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చెప్పేవే. "వినబడుతోందండీ, మాట తెలియడం లేదు" అన్న వాక్యం మేం వినని రోజుండదు.

వయసు వల్ల వచ్చే వినికిడి తగ్గుదల అన్ని ధ్వనులకూ ఒకేలా రాదు, ముందుగా ఎక్కువ పౌనఃపున్యం గల సన్నని ధ్వనులకు వస్తుంది. మాటలో అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో, మంచి బలంతో ఉంటాయి. స, శ, చ, త, క వంటి హల్లులకు గుర్తులుగా పనికివచ్చే ధ్వని చాలావరకు ఎక్కువ పౌనఃపున్యంలో, బలహీనంగా ఉంటుంది. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. తప్పు, పప్పు, కప్పు అన్న మూడింటిలో తేడా మొదటి హల్లొక్కటే. అది జారిపోతే "పప్పు వేయనా" అన్నది "తప్పు" గురించిన మాటలా వినబడి, భోజనాల దగ్గర అనవసరమైన మాటా మాటా వస్తుంది. అరవై దాటినవాళ్లలో నాలుగో వంతుకు మించి రోజువారీ పనులకు అడ్డమయ్యేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి తోడు పాత ఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనిని మాత్రమే మోసేది, "స"కారానికి ప్రాణమైన భాగం దాని పైన ఉంటుంది. ఎదురుగా కూర్చున్నప్పుడు పెదవులను చూసి పూరించుకునే అవకాశం కూడా ఫోనులో లేదు. అందువల్ల ఆయనతో వీడియో కాల్ చేయండి. దీపం మీ వెనక కాక మీ ముఖం మీద పడేట్టు కూర్చోండి.

గట్టిగా అరవడం ఎందుకు పనిచేయదో కూడా చెప్పాలి. అరిచినప్పుడు మనం పెంచేది అచ్చుల బలాన్ని. అసలే అందుతున్నవి ఇంకా మోగుతాయి, అందనివి అలాగే ఉంటాయి. పైగా లోపల చెవి దెబ్బతిన్నవాళ్లకు చిన్న ధ్వని అందదు, పెద్ద ధ్వని మామూలువాళ్లకన్నా తొందరగా భరించలేనిదవుతుంది. "గట్టిగా చెప్పు" అన్న మనిషే మరుక్షణం "ఎందుకలా అరుస్తావు" అనడం అందువల్లే. అది వాళ్ల మొండితనం కాదు.

ఇక వేగం. వయసుతోపాటు మాటను విడదీసుకుని అర్థం చేసుకోవడానికి మెదడుకు పట్టే సమయం పెరుగుతుంది, అది నిజం. అయితే మందు అందరూ అనుకునేది కాదు. అమెరికాలో ఆర్థర్ వింగ్‌ఫీల్డ్ బృందం రికార్డు చేసిన మాటలను యంత్రంతో వేగం పెంచి యువకులకూ వృద్ధులకూ వినిపించి, 1999లో ఫలితాలు ప్రచురించింది. వేగం పెరిగేకొద్దీ వృద్ధులకు ఎక్కువ నష్టం జరిగింది. ఆ నష్టపోయిన సమయాన్నే పదబంధాలు, వాక్యాలు ముగిసే చోట విరామాలుగా తిరిగి ఇస్తే వాళ్లు చాలావరకు కోలుకున్నారు. అవే విరామాలను ఎక్కడ పడితే అక్కడ పెడితే అంత మేలు జరగలేదు. కాబట్టి అక్షరాలను సాగదీయనక్కరలేదు. మీ మామూలు వేగంతోనే మాట్లాడి, ఒక ముక్క పూర్తయిన చోట ఆగండి.

మీ నాన్నగారు చిన్నబుచ్చుకోవడంలో తప్పేమీ లేదు. పెద్దవాళ్లతో గొంతు సన్నం చేసి, శ్రుతి పెంచి, పసిపిల్లలతో మాట్లాడినట్టు ముక్కలు ముక్కలుగా మాట్లాడే తీరును కాన్సస్ విశ్వవిద్యాలయంలో సుసన్ కెంపర్ చాలా కాలం పరిశీలించారు. చెప్పిన విషయాన్నే మరికొంత విడమరచడం, వాక్యం లోపల వాక్యం ఇరికించకుండా ఉండడం వినేవాళ్లకు సాయపడ్డాయి. శ్రుతి పెంచడం, మరీ నత్తనడకగా మాట్లాడడం సాయపడలేదు, పైగా తమకు ఏదో లోపం ఉందన్న భావన కలిగించాయి. దీనికి భిన్నంగా, తెలియని మనిషికి చిరునామా చెబుతున్నట్టు స్పష్టంగా పలికిన మాట మీద అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 1985 ప్రాంతంలో పనిచేశారు. వినికిడి లోపం ఉన్నవాళ్లకు మామూలు మాట కన్నా ఆ మాట సుమారు 17 శాతం పాయింట్లు ఎక్కువగా అర్థమైంది.

తాళపత్రం గారు చెప్పిన తోకను మా వృత్తి అనుభవంతో ముడిపెట్టి, మీ కరెంటు బిల్లుకు నా సలహా ఇది. మొదట పిలిచి, ఆయన "ఆఁ" అనేదాకా ఆగండి. తరువాత విషయం పేరు చెప్పండి: "కరెంటు బిల్లు గురించి." మళ్లీ ఒక్క క్షణం ఆగండి. అప్పుడు అడగండి, కాని "కట్టేశారా" అని కాదు, "ఎవరు కట్టారు?" అనో "ఏ రోజు కట్టారు?" అనో అడగండి. ఎవరు, ఏది, ఎప్పుడు, ఎంత అన్నవి వాక్యంలో ముందుగా వస్తాయి, విడిగా నిలబడతాయి. ప్రశ్న అని తెలియడానికి ఆఖరి అక్షరం మీద ఆధారపడవలసిన పని ఉండదు. వాటికి "సరే" అని జవాబు చెప్పడం కూడా కుదరదు గనక, విన్నది తప్పయితే అప్పటికప్పుడే బయటపడుతుంది.

గోస్తనీ

అందరికీ కృతజ్ఞతలు. "ఏ రోజు" అని అడిగే పద్ధతిని నిన్న మా అమ్మ మందుల విషయంలో పాటించాను, మొదటిసారికే సరైన జవాబు వచ్చింది. మా అబ్బాయికి ట్రంకు బుకింగ్ గారి మాటలు చదివి వినిపించాను. ఫోనులో ఊఁ కొట్టడానికి ఒప్పుకున్నాడు, మామూలు వేగంతో వినడం గురించి మాత్రం ఆలోచించి చెబుతానన్నాడు.

శ్రవణం గారికి ఇంకా రెండు ప్రశ్నలు. నేను రికార్డు చేసే మెసేజుల వేగాన్ని ఏదైనా యాప్‌తో తగ్గించి నాన్నగారికి పంపితే ఉపయోగం ఉంటుందా? అలాగే, పరీక్షకు రమ్మంటే "నాకు చెవుడేమీ లేదు, మీరే సరిగ్గా మాట్లాడండి" అంటున్నారు. ఏం చెప్పి తీసుకెళ్లాలి?

జవాబు: శ్రవణం

యంత్రంతో సాగదీసిన మాటలో హల్లు కూడా సాగి అలుక్కుపోతుంది, అందులో మింగేసిన అక్షరం తిరిగి రాదు. అది వద్దు. మెసేజులో ఒకే సంగతి చెప్పండి, వాక్యానికి వాక్యానికి మధ్య ఊపిరి తీసుకోండి, ఆఖరి మాటను మొదటి మాటంత బలంగా పలకండి. ఆయన ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినవచ్చు గనక ఆ ఒక్క విషయంలో ఫోను కన్నా మెసేజే మేలు.

పరీక్ష విషయంలో "చెవుడు" అన్న మాటే ఎత్తకండి. ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర గులిమి తీయించుకుందామని తీసుకెళ్లండి. చాలామందిలో అది నిజంగానే పేరుకుని ఉంటుంది, తీయగానే కొంత తేడా తెలుస్తుంది. ఆ తరువాత అక్కడే వినికిడి పరీక్ష చేయిస్తే అరగంట పని. శబ్దాలకు చేసే పరీక్షతో ఆగకుండా మాటలతో చేసే పరీక్ష కూడా తెలుగులోనే చేయమని అడగండి. ఇంట్లో ఎవరి గొంతు ఆయనకు అందడం లేదో, ఫోనును ఏ చెవి దగ్గర పెట్టుకుంటారో, టీవీ శబ్దం ఈ ఏడాదిలో ఎంత పెరిగిందో అమ్మగారిని అడిగి ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. రేపు వినికిడి యంత్రం పెట్టవలసి వస్తే దాన్ని సరిచేసేటప్పుడు మాకు ఆ కాగితంతో పని పడుతుంది.